రెండో ప్రసంగం దాకా: విశాఖపట్నంలోని ఒక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌పై కేస్ స్టడీ

విశాఖపట్నం ద్వారకానగర్ ప్రాంతంలో ఆదివారం ఉదయాల్లో సమావేశమయ్యే ఒక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో (నలుగురిలో మాట్లాడడాన్ని సభ్యులు కలిసి సాధన చేసే అంతర్జాతీయ సంస్థకు చెందిన క్లబ్) నేను మొదటి ఏడాది విద్యా విభాగం చూసే వైస్ ప్రెసిడెంట్‌గాను, మరుసటి ఏడాది అధ్యక్షురాలిగాను పనిచేశాను. ఆ రెండేళ్లలో క్లబ్‌లో ఏమేం మార్చామో, అందులో ఏది ఫలించిందో, ఏది ఇంకా సమస్యగానే ఉందో ఇలాంటి క్లబ్‌లు నడుపుతున్నవారికి పనికివచ్చేలా రాయాలన్నది నా ఉద్దేశం. సభ్యులు వేదిక మీద తమ జీవితంలోని సంగతులు నమ్మకంతో చెప్పుకుంటారు కాబట్టి క్లబ్ పేరు గానీ వారి పేర్లు గానీ ఇందులో ఇవ్వడం లేదు. అవసరమైనచోట వృత్తి, ప్రాంతం వంటి వివరాలు కూడా కొద్దిగా మార్చాను.

క్లబ్ నేపథ్యం

మాది కంపెనీ క్లబ్ కాదు, కమ్యూనిటీ క్లబ్. అంటే 18 ఏళ్లు నిండిన ఎవరైనా చేరవచ్చు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవారు, బ్యాంకు ఉద్యోగులు, పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో పనిచేసేవారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు, కొద్దిమంది గృహిణులు, ఒక దంత వైద్యురాలు మా సభ్యులు. కంపెనీ క్లబ్‌లలో చాలాచోట్ల చందాను యాజమాన్యమే భరిస్తుంది. మా దగ్గర ఎవరి డబ్బు వారే కట్టాలి. 2023 అక్టోబరు నుంచి టోస్ట్‌మాస్టర్స్ ఇంటర్నేషనల్‌కు ఆరు నెలలకు కట్టవలసిన చందా 60 డాలర్లు. కొత్తగా చేరేవారు దానికి అదనంగా 20 డాలర్లు కట్టాలి. హాలు అద్దెకు క్లబ్ వసూలు చేసేది వేరు. డిగ్రీ చదివే పిల్లవాడికి ఆరు నెలలకొకసారి ఐదు వేల రూపాయలు దాటే ఖర్చు చిన్నది కాదు. ఏప్రిల్ 1, అక్టోబరు 1 రెన్యూవల్ తేదీలు కావడంతో ప్రతి మార్చిలోను, సెప్టెంబరులోను ప్రతి సభ్యుడూ ఈ డబ్బుకు తగినది దొరికిందా అని లెక్క చూసుకుంటాడు. క్లబ్ ఎదుగుదలకు అసలైన పరీక్ష ఆ నెలల్లోనే జరుగుతుందని, సమావేశానికి ఎంతమంది అతిథులు వచ్చారన్నది ఆ తరువాతి సంగతేనని నేను నమ్ముతాను.

సమావేశం స్వరూపం తెలియనివారి కోసం కొద్దిగా చెప్పాలి. గంటన్నర సమావేశంలో ముందే సిద్ధం చేసుకున్న ప్రసంగాలు రెండో మూడో ఉంటాయి. కొత్త సభ్యుని తొలి ప్రసంగాన్ని ఐస్ బ్రేకర్ అంటారు. దానికి 4 నుంచి 6 నిమిషాలు, మామూలు ప్రసంగాలకు 5 నుంచి 7 నిమిషాలు ఇస్తారు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే టేబుల్ టాపిక్స్ మరొక భాగం. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులతో సమయాన్ని చూపే టైమర్, అనవసరంగా దొర్లే ఊతపదాలను లెక్కించే ఆ-కౌంటర్, భాషను గమనించే గ్రామేరియన్ ఉంటారు. సిద్ధం చేసుకున్న ప్రతి ప్రసంగం మీద ఒక ఎవాల్యుయేటర్ 2 నుంచి 3 నిమిషాలు మాట్లాడతారు. చివరికి సమావేశం మొత్తం మీద జనరల్ ఎవాల్యుయేటర్ అభిప్రాయం చెబుతారు. ఈ పాత్రలన్నీ సభ్యులే వంతులవారీగా పోషిస్తారు. జీతం తీసుకునే గురువంటూ ఎవరూ ఉండరు.

సమస్య ఎక్కడ ఉంది

నేను బాధ్యత తీసుకున్న జూలై నాటికి క్లబ్ కాగితం మీద బాగానే ఉంది. వాట్సాప్‌లో పంచే పోస్టర్ చూసి దాదాపు ప్రతి ఆదివారం ఒకరిద్దరు అతిథులు వచ్చేవారు. వారిలో కొందరు చేరేవారు, చేరినవారు నెల తిరగకుండా ఐస్ బ్రేకర్ ఇచ్చేవారు. అయినా హాలులో కనిపించే సభ్యులు పది, పన్నెండు మంది దగ్గరే ఆగిపోయారు. టోస్ట్‌మాస్టర్స్ నిబంధనల ప్రకారం కొత్త క్లబ్‌కు చార్టర్ (సంస్థ ఇచ్చే అధికారిక గుర్తింపు) కావాలంటే కనీసం 20 మంది సభ్యులు ఉండాలి. రెన్యూవల్ సమయంలో కనీసం 8 మంది చందా కట్టాలి, వారిలో ముగ్గురైనా పాత సభ్యులు కావాలి. మేము ఆ రెండో గీత దగ్గరకు జారుతూ వచ్చాం. నలుగురైదుగురే వారం వారం అన్ని పాత్రలూ పంచుకుంటున్నారు, వారిలోనూ అలసట మొదలైంది.

కమిటీ సమావేశంలో ఎక్కువమంది అభిప్రాయం ప్రచారం సరిపోవడం లేదని. కాలేజీల్లో పోస్టర్లు అంటించాలని, సామాజిక మాధ్యమాల్లో డబ్బు పెట్టి ప్రకటన వేయాలని ప్రతిపాదనలు వచ్చాయి. అంతకుముందు ఒక పని చేద్దామని నేను అడిగాను. వెనుకటి హాజరు పట్టికలను, ప్రసంగాల రికార్డును పక్కపక్కన పెట్టి, వెళ్లిపోయిన ప్రతి సభ్యుడు చివరిసారిగా ఏం చేసి వెళ్లాడో రాసుకున్నాం. ఆ పట్టిక తయారయ్యేసరికి చర్చ దారి మారింది. వెళ్లిపోయినవారిలో చాలా ఎక్కువమంది ఐస్ బ్రేకర్ ఇచ్చిన తరువాత, రెండో ప్రసంగం ఇవ్వకముందే వెళ్లిపోయారు. మూడు ప్రసంగాలు పూర్తిచేసినవారు ఊరు మారితే తప్ప క్లబ్ వదిలి వెళ్లిన సందర్భాలు అరుదు. అంటే మా తలుపు దగ్గర ఇబ్బంది లేదు; లోపలికి వచ్చిన మనిషి మొదటి ప్రసంగానికీ రెండో ప్రసంగానికీ మధ్య జారిపోతున్నాడు.

వెళ్లిపోయినవారికి ఫోన్లు చేశాం. మొదట అందరూ చెప్పింది ఒకటే, ఆదివారం వీలు కావడం లేదని. కాసేపు మాట్లాడితే అసలు మాట బయటికి వచ్చేది. ఒక యువకుడు చెప్పినది నేను అప్పుడే రాసిపెట్టుకున్నాను: “మాట్లాడానండి, అందరూ చాలా బాగుందన్నారు, చప్పట్లు కొట్టారు, రిబ్బన్ ఇచ్చారు. బాగానే మాట్లాడితే ఇంక ఎందుకు రావాలి? బాగా మాట్లాడలేదని నాకు తెలుసు. ఏం మార్చుకోవాలో ఎవరూ చెప్పలేదు.” ఈ కేసుకు మూలం ఆ మాటల్లోనే ఉంది. మా సభ్యులు దయగలవారు. కొత్తవారిని నొప్పించకూడదన్న జాగ్రత్తతో, వారికి నిజంగా కావలసినదాన్ని ఇవ్వకుండా పంపుతున్నారు.

మరో కారణం సాంకేతికమైనది. 2020 జూన్ వరకు పది ప్రసంగాల పాత మాన్యువల్ అమలులో ఉండేది. పుస్తకం చేతిలో ఉండేది కాబట్టి తరువాతి ప్రసంగం ఏమిటో పేజీ తిప్పితే తెలిసేది. ఇప్పుడున్న పాత్‌వేస్ కార్యక్రమం ఐదు స్థాయిలతో, మరింత విస్తృతంగా ఉంది, కానీ చాలామట్టుకు అది ఆన్‌లైన్‌లో బేస్ క్యాంప్ అనే వేదిక మీద నడుస్తుంది. లాగిన్ కుదరక, తెరిచినా ఎక్కడ నొక్కాలో తెలియక ఆగిపోయినవారు మా దగ్గర తక్కువేమీ కాదు. దీనికి పరిష్కారం సులభంగానే దొరికింది: మొదటి స్థాయిలోని ప్రాజెక్టుల వరుసను తెలుగులో ఒకే పేజీలో అచ్చువేసి, చేరిన రోజునే చేతికివ్వడం మొదలుపెట్టాం.

సంస్థ చరిత్రలో ఒక ఆనవాలు

కమిటీని ఒప్పించడానికి నేను సంస్థ తొలినాళ్ల కథను వాడుకున్నాను. రాల్ఫ్ స్మెడ్లీ 1905లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం బ్లూమింగ్టన్ వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ, యువకులకు సభలో మాట్లాడడం, సభ నడపడం నేర్పడానికి ఒక క్లబ్ పెట్టాడు. ఉద్యోగరీత్యా వేరే ఊళ్లకు మారినప్పుడల్లా అక్కడా క్లబ్‌లు పెట్టాడు, కానీ ఆయన ఊరు విడిచాక అవి ఎక్కువకాలం నిలవలేదు. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో ప్రారంభించిన క్లబ్ మాత్రం నిలిచి, చుట్టుపక్కల ఊళ్లకు పాకి, 1932లో నమోదైన సంస్థగా మారింది. ఒక మనిషి ఉత్సాహం మీద నడిచే క్లబ్ ఆ మనిషితోనే వెళ్లిపోతుందని, పద్ధతి కాగితం మీదికి ఎక్కి సభ్యులందరి చేతుల్లోకి వెళ్లినప్పుడే అది నిలుస్తుందని ఈ చరిత్ర నాకు చెబుతుంది. (ఆ సంస్థలో స్త్రీలకు సభ్యత్వం దొరికింది 1973లో. నేటి మా కమిటీలో సగానికి పైగా స్త్రీలే ఉన్నందున ఈ సంవత్సరాన్ని కొత్త సభ్యురాళ్లకు నేను తప్పక చెబుతుంటాను.)

ఎవాల్యుయేషన్ పద్ధతి మార్పు

మేము చేసిన మార్పుల్లో అత్యంత ఫలితమిచ్చింది ఇదే కాబట్టి వివరంగా రాస్తాను.

అంతకుముందు మా ఎవాల్యుయేషన్లు దాదాపు ఒకే అచ్చులో ఉండేవి. “చాలా చక్కగా మాట్లాడారు, బాడీ లాంగ్వేజ్ బాగుంది, ఐ కాంటాక్ట్ ఇంకొంచెం మెరుగుపరుచుకోవాలి, కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి, ఆల్ ది బెస్ట్.” ఏ ప్రసంగానికైనా అతికే ఈ మాటలు ఏ ప్రసంగానికీ ఉపయోగపడవు. కాన్ఫిడెన్స్ పెంచుకోమని చెప్పడం సలహా కాదు. అది లేకనే ఆ మనిషి మన దగ్గరకు వచ్చాడు. “మొదటి వాక్యం చెప్పేటప్పుడు కాగితం బల్ల మీద పెట్టి, వెనుక వరుసలో ఒకరిని చూస్తూ వాక్యం పూర్తయ్యేదాకా చూపు తిప్పకండి” అంటే అది సలహా, ఎందుకంటే వచ్చే వారం దాన్ని చేసి చూడవచ్చు, చేశాడో లేదో మనమూ చూడవచ్చు.

ఈ తేడా అందరికీ పట్టుబడేందుకు ఒక పూట వర్క్‌షాప్ పెట్టాం. ఒక సభ్యుడు కావాలనే కొన్ని లోపాలతో ప్రసంగం ఇచ్చాడు. విన్న ప్రతి ఒక్కరూ ఒకే ఒక్క సూచన చీటీ మీద రాసి ఇచ్చారు. ఆ చీటీలను గోడ మీద అంటించి, మరుసటి వారం చేసి చూడదగినవి ఒక పక్కకు, కానివి మరో పక్కకు జరిపాం. రెండో పక్కన చీటీలు గుట్టపడ్డాయి. ఆ తరువాత అదే చీటీలను తిరిగి రాయించాం. ఈ అభ్యాసం ఇప్పటికీ ప్రతి ఆరు నెలలకొకసారి జరుగుతోంది.

పద్ధతిలో మార్చినవి మూడు. మొదటిది, ఎవాల్యుయేటర్ ఎవరో బుధవారానికే ఖరారు కావాలి, వారు ప్రసంగకర్తకు ఫోన్ చేసి ఈసారి దేనిని గమనించాలని కోరుకుంటున్నారో అడగాలి. రెండోది, బాగున్నవి ఎన్ని చెప్పినా మార్చవలసినది ఒక్కటే చెప్పాలి, దానిని మాటల్లో చెప్పి ఊరుకోకుండా వేదిక మీద చేసి చూపాలి. మూడోది, ఐస్ బ్రేకర్ ఇచ్చిన సభ్యుడు ఆ రోజు హాలు విడిచి వెళ్లేలోపే రెండో ప్రసంగం తేదీ రాసుకోవాలి, వీలైనంతవరకు దానికీ అదే ఎవాల్యుయేటర్ ఉండాలి. నిజానికి పాత్‌వేస్ మొదటి స్థాయిలోనే ఈ ఆలోచన ఉంది: ఒక ప్రసంగం ఇచ్చి, సూచనలు తీసుకుని, వాటిని అమలుచేస్తూ రెండో ప్రసంగం ఇచ్చి, ఆపై తానే మరొకరికి ఎవాల్యుయేటర్‌గా ఉండే ప్రాజెక్టు అందులో ఒకటి. మేము దాన్ని ప్రాజెక్టుగా వదిలేయకుండా క్లబ్ అలవాటుగా మార్చాం.

ఒక ఉదాహరణ చెబుతాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ తన ఐస్ బ్రేకర్‌ను పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అనే వరుసలో నడిపారు. ఆరు నిమిషాల్లో శ్రోతలు తలెత్తి విన్నది ఒక్కచోటనే. పలాస ప్రాంతంలో తొలి పోస్టింగ్‌లో, పింఛను కోసం వచ్చిన ఒక ముసలమ్మ వేలిముద్ర యంత్రం మీద పడలేదు. ఏళ్ల తరబడి జీడిపిక్కలు ఒలిచి వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. ఆ సంగతిని ఆవిడ రెండు వాక్యాల్లో దాటేసి బదిలీల వివరాల్లోకి వెళ్లారు. ఎవాల్యుయేటర్‌గా ఉన్న దంత వైద్యురాలు మిగతా వాటి జోలికి పోకుండా, “మీ ప్రసంగం ఆ కౌంటర్ దగ్గరే ఉంది. వచ్చేసారి అక్కడే మొదలుపెట్టండి, మీ పేరు కూడా ఆ తరువాతే చెప్పండి” అని, ఆ ఆరంభం ఎలా ఉండవచ్చో నాలుగు వాక్యాలు తాను చెప్పి చూపారు. కొన్ని వారాల తరువాత ఆవిడ రెండో ప్రసంగం “అమ్మా, ఇంకోసారి వేలు పెట్టు” అనే మాటతో మొదలైంది. హాలులో ఎవరూ కదలలేదు. భాష అదే, గొంతు అదే, చేతులు కట్టుకుని నిలబడే అలవాటు కూడా పోలేదు. మారింది క్రమం ఒక్కటే. తాను మెరుగుపడినట్టు మనిషి తన చెవులతో తాను వినడం అంటే ఇది. ఆ తరువాత ఆవిడ సమావేశం తప్పిన ఆదివారాలు చాలా తక్కువ.

మన సమాజంలో ఎవాల్యుయేషన్‌కు ఉన్న ప్రత్యేకమైన చిక్కు వయసు. ఉక్కు కర్మాగారంలో ఉన్నత హోదాలో పనిచేసి రిటైరైన ఇంజనీరుగారికి ఇరవై రెండేళ్ల విద్యార్థిని ఎవాల్యుయేటర్‌గా వేస్తే, ఆ అబ్బాయి తనకిచ్చిన మూడు నిమిషాలూ “సార్ అనుభవం ముందు నేనెంత” అంటూ పొగడ్తలతోనే ముగించాడు. పెద్దలకు నలుగురిలో లోపం చెప్పకూడదన్నది మనకు ఇంట్లో నేర్పిన మర్యాద, దాన్ని తప్పు పట్టలేం. ముందుగా ఫోన్ చేయాలన్న నియమం ఇక్కడ పనికొచ్చింది. తరువాతి ప్రసంగానికి ముందు ఇంజనీరుగారే ఆ అబ్బాయితో, “ఎర్ర కార్డు పడినా నేను ఆగలేకపోతున్నాను బాబూ. ఎక్కడ కోయాలో నువ్వే చెప్పాలి” అన్నారు. పెద్దాయనే అడిగారు కాబట్టి చెప్పడం మర్యాదే అయింది. ఆ ఆదివారం అబ్బాయి లేచి, “సార్, మీరు చెప్పిన రెండు కథల్లో మొదటిది ఒక్కటే ఉన్నా మీ మాట నిలబడుతుంది. రెండోది ఇంకో ప్రసంగానికి దాచుకోండి” అన్నాడు. ఎన్ని ప్రసంగాలు విన్న సభ్యులైనా ఇంతకన్నా ఉపయోగకరమైన సూచన ఇవ్వలేరు. ఇంజనీరుగారు ఆపై నెలలో సరిగ్గా ఏడు నిమిషాల లోపల ముగించినప్పుడు పడిన చప్పట్లు ఇద్దరికీ చెందుతాయి.

భాష, యాస

క్లబ్‌లో అన్నిటికన్నా వేడిగా చర్చ జరిగింది భాష మీదనే. క్లబ్‌ను ఏ భాషలో నడుపుకోవాలన్నది క్లబ్ ఇష్టం. టోస్ట్‌మాస్టర్స్ నిబంధనలు అడ్డు చెప్పవు. నెలకు ఒక సమావేశం తెలుగులో పెడదామని నేను ప్రతిపాదిస్తే, “మేము వచ్చిందే ఇంగ్లీషు కోసం” అని కొందరు గట్టిగా వ్యతిరేకించారు. వారి అవసరం నిజమైనదే. ఇంటర్వ్యూలో, క్లయింటు ముందు, ప్రమోషన్ ప్యానెల్ ముందు ఇంగ్లీషులో తడబడి నష్టపోయినవారు మా దగ్గర ఉన్నారు. మూడు నెలలు చూసి నిర్ణయిద్దామని ఒప్పందం కుదిరింది.

ఆ మూడు నెలల్లో తేలిన విషయం మాకు చాలా మేలు చేసింది. ఇంగ్లీషులో తడబడే సభ్యుడు తెలుగులో ధారాళంగా, క్రమంగా మాట్లాడితే అతనికి కావలసింది ఇంగ్లీషులో అలవాటు, పదసంపద. తెలుగులోనూ అదే చోట ఆగిపోతే అది సభాకంపమో, ప్రసంగ నిర్మాణం తెలియకపోవడమో అయి ఉంటుంది; దానికి ఇంగ్లీషు క్లాసులు మందు కావు. అంతవరకు ఈ రెండు రకాలవారినీ మేము ఒకే గాటన కట్టి ఇద్దరికీ ఒకే సలహా ఇస్తున్నాం. తెలుగు సమావేశం మాకు రోగనిర్ధారణ పరీక్షగా ఉపయోగపడింది. దీనికి విరుద్ధమైన సంగతీ కనిపించింది: ఇంగ్లీషులో చక్కగా ప్రజెంటేషన్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు తెలుగులో ఐదు నిమిషాలు నిలబడలేక, తన అమ్మమ్మకు తాను చేసే పని ఏమిటో ఇప్పటిదాకా వివరంగా చెప్పలేకపోయానని బాధపడ్డారు. ఆయన తరువాతి ప్రసంగం ఆ వివరణే.

తెలుగు సమావేశాల్లో ఆ-కౌంటర్ పని కూడా మారింది. ఇంగ్లీషు జాబితాలోని ‘ఆ’, ‘ఉమ్’, ‘సో’ల స్థానంలో ‘అంటే’, ‘అన్నమాట’, ‘ఏంటంటే’, ‘మరి’, ‘ఒక విధంగా చెప్పాలంటే’ చేరాయి. వీటిలో ‘అన్నమాట’ను లెక్కపెట్టడం మొదలైన రెండు మూడు నెలలకే మా హాలులో అది వినిపించడం బాగా తగ్గింది.

యాస విషయంలో కమిటీ ఒక స్పష్టమైన నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. విజయనగరం జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక విద్యార్థి మాటలో ఉత్తరాంధ్ర యాస సహజంగా ఉండేది. గ్రామేరియన్లు దాన్ని పొరపాట్ల జాబితాలో చదివేవారు. ఆ అబ్బాయి కాలేజీలో ఇదే కారణంగా నవ్వులపాలై, మాట్లాడడమే తగ్గించుకుని మా దగ్గరకు వచ్చినవాడు. యాస పొరపాటు కాదని, శ్రోతకు అర్థం కానిచోట మాత్రమే అర్థం కాలేదని చెప్పాలని, అంతకు మించి గ్రామేరియన్ దాని జోలికి పోకూడదని తీర్మానించాం. ఈ ఒక్క విషయంలో నేను ఎటువంటి సర్దుబాటుకూ ఒప్పుకోలేదు, ఇకముందూ ఒప్పుకోను. తన ఊరి మాటతో వేదిక ఎక్కడానికి వీల్లేని క్లబ్, మనిషికి ధైర్యం నేర్పజాలదు. ఆ అబ్బాయి తన మూడో ప్రసంగంలో ఊరి పండుగ గురించి చెబుతూ, ఇంట్లోవాళ్ల సంభాషణలను యథాతథంగా వారి గొంతులతో వినిపించాడు. క్లబ్‌లో అంతవరకు ఎవరూ అంత సహజంగా సంభాషణ పలికించలేదు.

తెలుగు టేబుల్ టాపిక్స్‌కు మరో మెరుగు అవధానం నుంచి తీసుకున్నాం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగం చేస్తూ, అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి సంబంధం లేని ప్రశ్నలు వేస్తుంటారు. అవధాని చమత్కారంగా జవాబిచ్చి మళ్లీ తన పద్యం దగ్గరకు వస్తారు. రెండు నిమిషాలు మాట్లాడుతున్న సభ్యుడిని మధ్యలో ఒకసారి ఇలాంటి ప్రశ్నతో ఆపి, జవాబు చెప్పి తిరిగి తన అంశంలోకి రమ్మనడం మా ఆట. ఆఫీసు సమావేశంలో పైఅధికారి మధ్యలో అడ్డుపడినప్పుడు ఏం చేయాలో దీనివల్లే తెలిసిందని చెప్పినవారు ఉన్నారు. ఆశువుగా మాట్లాడే కళకు మన దగ్గర ఇంత పాత, ఇంత పదునైన సాధన ఉన్నప్పుడు దాన్ని వాడుకోకపోవడం నష్టమే.

కొత్తవారికి పని

చేరిన రెండు వారాల్లో ప్రతి సభ్యుడికీ ఒక పాత్ర ఉండాలన్నది మరో నియమం. మొదట టైమర్, తరువాత ఆ-కౌంటర్, ఆ తరువాత టేబుల్ టాపిక్స్ నిర్వహణ. టైమర్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది: ఆ పనిలో ప్రతి ప్రసంగాన్నీ మొదటి నుంచి చివరిదాకా గమనించక తప్పదు, నివేదిక చదవడానికి ఒక నిమిషం వేదిక ఎక్కక తప్పదు, కానీ చెప్పవలసినవి అంకెలే కాబట్టి భయం తక్కువ. ప్రతి కొత్త సభ్యుడికి ఒక మెంటర్‌ను ఇచ్చాం. మెంటర్ బాధ్యత రెండో ప్రసంగం పూర్తయ్యేదాకా మాత్రమేనని స్పష్టంగా చెప్పడం వల్ల ఒప్పుకునేవారు పెరిగారు.

ఏ వారం ఏ పాత్ర ఎవరిదో చూపే రోల్ షీట్‌ను నాలుగు వారాల ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టడం, శనివారం రాత్రి తప్పుకునేవారు తామే మరొకరిని వెతికి ఒప్పించాలనడం మామూలు క్రమశిక్షణ. పోటీల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. క్లబ్, ఏరియా, డివిజన్, డిస్ట్రిక్ట్ స్థాయిల్లో జరిగే ప్రసంగ పోటీలు పాల్గొనేవారికి గొప్ప సాధన. కానీ పోటీల వారాల్లో పాల్గొననివారికి చేయడానికి పని ఉండదు, వారి హాజరు పడిపోతుంది. మేము పోటీని మామూలు సమావేశం స్థానంలో కాకుండా వేరే పూట పెట్టడం ద్వారా దీన్ని కొంత తగ్గించుకున్నాం.

పార్కులో సమావేశాలు

రెండో ఏడాది మధ్యలో మాకు హాలు ఇస్తున్న శిక్షణ సంస్థ తన తరగతుల అవసరం వల్ల ఆదివారాలు ఇవ్వలేమని చెప్పింది. కొత్త చోటు దొరికేదాకా శివాజీ పార్కులో ఉదయం పూట కలుద్దామని ఒక గృహిణి సూచించారు. హాజరు పడిపోతుందని అందరమూ అనుకున్నాం, పడిపోలేదు. మైకు లేదు, గోడలు లేవు, పక్కన నడక చేసేవారి మాటలు, పిల్లల అరుపులు. అంతవరకు ఎంత చెప్పినా గొంతు పెంచని సభ్యులు, మూడో వరుసకు మాట చేరకపోతే తమకే తెలిసిపోవడం వల్ల పొట్టలోంచి ఊపిరి తీసి మాట్లాడడం అక్కడ నేర్చుకున్నారు. వాక్యాలు పొట్టిగా అయ్యాయి. దారిన పోయేవారు నిలబడి విన్నప్పుడు, పరిచయం లేని శ్రోతలను ఆకట్టుకోవడం ఎంత కష్టమో, ఎంత ఉత్సాహమో తెలిసింది. అలా నిలబడి విన్న ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు తరువాతి వారం కుర్చీ తెచ్చుకుని వచ్చి, ఆ నెలలోనే సభ్యుడయ్యారు. ఇప్పుడు మాకు హాలు ఉన్నా, గొంతు సాధన కోసం ఏడాదిలో కొన్ని సమావేశాలు పార్కులోనే పెట్టాలని సభ్యులే కోరారు.

ఫలితాలు

రెండో ఏడాది ఏప్రిల్ రెన్యూవల్‌లో చందా కట్టినవారు 20 దాటారు, వారిలో ఎక్కువమంది పాత సభ్యులే. ప్రచారం మీద అదనంగా ఖర్చు చేయలేదు. అతిథుల రాక కూడా పెద్దగా పెరగలేదు. క్లబ్ పనితీరును కొలిచే డిస్టింగ్విష్డ్ క్లబ్ కార్యక్రమంలో పది లక్ష్యాలు ఉంటాయి. మొదటి ఏడాది ఐదు కూడా అందుకోలేదు, రెండో ఏడాది ఐదు దాటాం. అంతకంటే నాకు ముఖ్యంగా అనిపించేది ఎవాల్యుయేటర్ల సంఖ్య. మొదట్లో ఆ పాత్రకు నలుగురైదుగురి పేర్లే తిరిగేవి. ఇప్పుడు క్లబ్‌లో సగం మందికి పైగా నమ్మకంగా అప్పగించవచ్చు. బ్యాంకు ఉద్యోగిని తన శాఖలో స్వయం సహాయక సంఘాల మహిళలతో జరిగే సమావేశాలను తానే నడుపుతున్నారు. ఇంజనీరుగారు ముగ్గురు విద్యార్థులకు మెంటర్‌గా ఉన్నారు.

ఈ ఫలితాలన్నీ ఒక్క ఎవాల్యుయేషన్ మార్పు వల్లే వచ్చాయని విడదీసి నిరూపించలేను. తెలుగు సమావేశాలు, తొందరగా పాత్ర ఇవ్వడం కూడా అదే కాలంలో మొదలయ్యాయి. అయితే రెండో ప్రసంగం తేదీ ముందే రాసుకున్నవారిలో దాదాపు అందరూ వచ్చి ప్రసంగించారన్నది రికార్డులో స్పష్టంగా ఉంది. మరొక క్లబ్ ఒక్క మార్పుతోనే మొదలుపెట్టాలనుకుంటే దానితో మొదలుపెట్టమంటాను.

ఇంకా తేలనివి

విద్యార్థులకు చందా భారంగానే ఉంది. పాత సభ్యులు కొందరు కలిసి ఒకరిద్దరి చందా భరించారు, కానీ అది ఎప్పటికీ నడిచే ఏర్పాటు కాదు. తీసుకునేవారికి మొహమాటంగా ఉంటుంది. ఆదివారం ఉదయం ఇంటి పని ముగించుకుని రావడం గృహిణులకు, ఉద్యోగాలు చేసే తల్లులకు ఎంత కష్టమో మగ సభ్యులు చాలామంది గుర్తించరు. నెలకొక సాయంత్రం ఆన్‌లైన్‌లో సమావేశం పెట్టి చూశాం. హాజరు పెరిగింది గాని, ఎదురుగా మనుషులు లేకుండా నేర్చుకున్నది వేదిక మీదికి పూర్తిగా రాలేదు. సమయాన్ని మధ్యాహ్నానికి మార్చే ప్రతిపాదన కొత్త కమిటీ ముందు ఉంది. మంచి ఎవాల్యుయేటర్లకు వరుసగా అదే పాత్ర పడి, వారి సొంత ప్రసంగాలు వెనుకబడుతున్నాయి కూడా. నెలలో రెండుసార్లకు మించి ఎవరినీ ఆ పాత్రలో వేయకూడదన్న పరిమితి ఇప్పుడిప్పుడే అమలులోకి వచ్చింది.

జూలై 1న బాధ్యత తీసుకున్న కమిటీకి నేను అప్పగించిన ఫైలులో తెలుగులో అచ్చువేసిన ప్రాజెక్టుల పేజీ, ఎవాల్యుయేటర్ ఫోన్‌లో అడగవలసిన ప్రశ్నలు, యాస మీద చేసిన తీర్మానం, ప్రతి సభ్యుడి మొదటి రెండు ప్రసంగాల తేదీల పట్టిక ఉన్నాయి. ఆ పట్టికలో ఈ రోజుకు ఆరుగురి పేర్ల ఎదురుగా రెండో ప్రసంగం గడి ఖాళీగా ఉంది. వారిలో నలుగురికి ఆగస్టు లోపు తేదీలు ఖరారయ్యాయి. మిగిలిన ఇద్దరితో వారి మెంటర్లు మాట్లాడుతున్నారు.